మా యాకోబు తాత రెండోసారి పోయిన సంగతి

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇలాంటి సంగతులు రాసేవాళ్ళంతా ఈ మాటతోనే మొదలుపెడతారని తెలుసు. కానీ నేను లెక్కల మాస్టరుని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చోడవరం చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెప్పాను. జవాబు కుదరలేదంటే మధ్యలో ఎక్కడో తప్పు చేశావని అర్థం. ఎవరో కనిపించకుండా వచ్చి అంకె మార్చిపోయారని ఏ కుర్రాడైనా చెబితే బెంచీ ఎక్కించేవాణ్ణి.

పైగా మేం క్రైస్తవులం. దయ్యం మాట ఎత్తితే పాస్టరుగారు ఆదివారం నాడు అందరి ముందూ లేపి నిలబెట్టేవారు. అందుచేత భయం వేసినా నమ్మడానికి వీల్లేకుండా పెరిగాను.

అలాంటిది పందొమ్మిది వందల యాభైల నడుమ నా పెళ్ళి విషయంలో ఒకటి జరిగింది. దానికి జవాబు నాకు ఇప్పటికీ కుదరలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. లెక్క సరిచూసే ఓపిక ఉన్నవాళ్ళు చూసుకోవచ్చు.

సుగుణది మాడుగుల. టీచరు ట్రైనింగు పూర్తిచేసి వడ్డాది బడిలో కొత్తగా చేరింది. ఒకసారి టీచర్ల మీటింగులో నేను బోర్డు మీద ఓ లెక్క చేసి చూపిస్తుంటే, వెనక బెంచీలోంచి లేచి మూడో వరసలో తప్పుందని చెప్పింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. తిరిగి చూస్తే నిజంగానే తప్పుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ సంబంధం తెచ్చినా నాకు నచ్చడం మానేసింది.

మొత్తానికి నాన్నకి విషయం అర్థమై, మధ్యవర్తిని పంపి, పెళ్ళిచూపులకి ఒప్పించారు. నాన్నా, నేనూ, సంఘపెద్ద ఒకాయనా మాడుగుల బస్సెక్కాం. వాళ్ళు మర్యాదగా కూర్చోబెట్టి హల్వా పెట్టారు. అంతా సవ్యంగానే ఉంది. సంఘపెద్ద ఊరుకోక, సుగుణ తండ్రిని మీ అత్తవారి ఇంటిపేరేమిటని అడిగాడు. ఆయన చెప్పాడు. నాన్న నోటిదాకా తీసుకెళ్ళిన హల్వా ముక్కని మళ్ళీ పళ్ళెంలో పెట్టేశారు.

ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను, ఆ ఇంటివాళ్ళు ఇంకా ఉన్నారు. మా అమ్మ పుట్టింటి పేరు కూడా అదే.

మతం మారాం గాని వరసలు మారలేదు మాకు. అమ్మ తండ్రి దావీదు. సుగుణ వాళ్ళమ్మ తండ్రి యాకోబు. వాళ్ళిద్దరూ అన్నదమ్ములైతే మా అమ్మలిద్దరూ అక్కచెల్లెళ్ళు అవుతారు. అప్పుడు సుగుణ నాకు చెల్లెలవుతుంది. ఇంక మాట్లాడుకోవడానికేమీ ఉండదు, హల్వా తిని బస్సెక్కడమే.

దావీదు తాతకి యాకోబు అనే తమ్ముడు ఒకడు ఉండేవాడని మాకు తెలుసు. అయితే అతను పెళ్ళి కాకముందే జ్వరమొచ్చి పోయాడని అమ్మ చెప్పేది. ఇక్కడ చూస్తే సుగుణ తాత యాకోబు వీధి అరుగు మీద కూర్చుని చెరకు ముక్క చెక్కుకుంటున్నాడు. మా వాళ్ళలో వీధికొక యాకోబు ఉంటాడు కాబట్టి ఇతను వేరే యాకోబు అయి ఉండాలి. కానీ అయి ఉండాలి అంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు కదా.

ముసలాయనకి బాగా చెవుడు. కుర్రతనంలో ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ హల్వా కొట్లో పనికి కుదిరాడని తప్ప అల్లుడికి కూడా ఏమీ తెలియదు. నాన్న ఆయన చెవిలో నోరుపెట్టి, మీదేవూరని అరిచి అడిగారు. ఇదే అన్నాడు. అంతకు ముందు ఏ ఊరని మళ్ళీ అరిచారు.

"అంతకుముందు నాను లేను" అన్నాడు ఆయన, చెరకు చెక్కుతూనే.

చాదస్తం అనుకున్నాం. బయల్దేరే ముందు నాన్న ఒక్క షరతు పెట్టారు. మా యాకోబు చనిపోయినట్టు రుజువు చూపించాలి, అప్పుడు ఈ యాకోబు వేరేవాడని తేలిపోతుంది, ప్రధానం పెట్టుకోవచ్చు అన్నారు. అలా నా పెళ్ళి ఒక మనిషి చావు మీద ఆధారపడింది. ఆయన చచ్చే ఉండాలని నేను ఎంతగా కోరుకున్నానో చెప్పలేను.

రుజువు దొరికే చోటు నాకు తెలుసు. మా సంఘాలకి నెలనెలా ఒక చిన్న పత్రిక వచ్చేది. చివరి పేజీలో 'నిద్రించినవారు' అని శీర్షిక పెట్టి, ఆ నెల పోయినవాళ్ళ గురించి నాలుగేసి వాక్యాలు వేసేవారు. ఒక్కో ప్రాంతం నుంచి ఒకరు ఆ వార్తలు రాసి పంపాలి. చోడవరం వైపు నుంచి చాలా ఏళ్ళు రాసినవాడు దావీదు తాతే. ఆయన పోయాక, చేతిరాత గుండ్రంగా ఉందని ఆ పని నా నెత్తిన పెట్టారు.

మా ఇంట్లో అటక మీద పాత పత్రికలు కట్టలు కట్టి ఉన్నాయి. దుమ్ము దులిపి ఒక్కొక్కటే విప్పాను. ఏ పత్రికకీ చివరి పేజీ లేదు. ఒక్కదానికంటే ఒక్కదానికీ లేదు.

ఇది తాత పోయాక మా దగ్గరే ఉంటున్న మా అమ్మమ్మ మరియమ్మ పని. చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని గుమ్మం బయటే చదివి చింపేయడం వాళ్ళ పుట్టింటి ఆచారం. అలాంటి కాగితం ఇంట్లో ఉంటే ఇంకో చావుని పిలుస్తుందట. బాప్తిస్మం తీసుకున్నా అమ్మమ్మ ఈ ఒక్కటీ వదల్లేదు. పత్రిక వచ్చిన రోజున తాత చేత అరుగు మీదే చదివించుకుని, ఆ చివరి పేజీ చింపి పొయ్యిలో పెట్టి, మిగతాది లోపలికి తెచ్చేది. తాత రాసినవన్నీ అలా నీళ్ళు కాచుకోవడానికి పనికొచ్చాయి.

చివరికి పాస్టరుగారింట్లో ఒక పెట్టెనిండా పూర్తి ప్రతులు దొరికాయి. వారి వరండాలో కూర్చుని రోజూ బడి వదిలాక చదివేవాణ్ణి. వెతికేది ఒక్క పేరునే అయినా, తాత రాసినవి ఒకటి చదివితే ఇంకొకటి చదవకుండా ఉండలేకపోయాను.

తాతకి ఒక అలవాటుండేది. పోయిన మనిషి భక్తి, కుటుంబం అన్నీ రాశాక, చివరి వాక్యంలో వాళ్ళకి ఏం తినడమంటే ఇష్టమో రాసేవాడు. 'కె.కోటపాడు. మార్తమ్మగారు ప్రభువునందు నిద్రించిరి. వీరు ప్రార్థనాపరురాలు. వీరికి గోంగూరలో ఎండురొయ్యలు అనిన మిక్కిలి ప్రీతి.' ఇంకొకాయన గురించి మంచి ఏదీ దొరకలేదు కాబోలు, 'వీరు ఆరాధనకు అప్పుడప్పుడు వచ్చుచుండిరి. వీరికి అన్నియు ప్రీతియే' అని ముగించాడు. నేను చూడని మనుషులు, పేర్లు కూడా వినని మనుషులు, కూరల వల్ల చుట్టాల్లా దగ్గరైపోయారు. నేను ఈ పని అందుకున్నాక ఆ వాక్యం తీసేశాను. చావు వార్తలో కూరలేమిటని నా అభిప్రాయం.

వెతగ్గా వెతగ్గా యాకోబు దొరికాడు. దావీదు తాతే రాశాడు. 'నా తమ్ముడు యాకోబు జ్వరముచే ప్రభువునందు నిద్రించెను. అవివాహితుడు. మృదుస్వభావి. తల్లి మిగుల దుఃఖించుచున్నది.' అంతే. కింద కూర లేదు. అన్ని ప్రకటనల్లోనూ ఉండి దీనికి మాత్రం లేకపోవడం కంటికి తగిలింది గాని, సంతోషంలో పట్టించుకోలేదు. సాక్షాత్తూ చర్చి పత్రికలో ఆయన చచ్చిపోయాడు. అంతకన్నా ఏం కావాలి నాకు? పత్రిక పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను.

నాన్న చదివి, సరే, పాస్టరుగారితో మాట్లాడి ప్రధానం రోజు చూద్దామన్నారు. అమ్మమ్మ అరుగు మీద చింతపండులో గింజలు తీస్తోంది. ఆమెకి చదువు రాదు, చూపు కూడా తగ్గింది. ఆమె కూడా సంతోషిస్తుందని, యాకోబు తాత చావు వార్త దొరికిందని చెప్పాను.

"యాకోబు సావడమేటిరా? ఆడ్ని కాకి తన్నింది గాని ఆడు సావలేదు" అంది.

నాన్న పక్కనే ఉన్నారు. లేకపోతే ఆ మాటని నేను అక్కడికక్కడే పాతిపెట్టేసేవాణ్ణి.

అమ్మమ్మ చెప్పింది ఇది. అప్పటికి తాత చోడవరంలో కొత్తగా మాస్టరుగా చేరాడు. తల్లీ తమ్ముడూ కె.కోటపాడులో ఉండేవారు. ఒకరోజు యాకోబు పొలం నుంచి వస్తుంటే కాకి వచ్చి తల మీద తన్నింది. కాకి తల మీద తంతే మనిషికి చావు రాసిపెట్టినట్టని మా వైపు చెప్పుకుంటారు. దానికి విరుగుడు ఉంది. ఆ మనిషి చనిపోయాడని దగ్గరి చుట్టాలకి ఉత్తుత్తి కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఏడిస్తే ఆ ఏడుపుతో దోషం తీరిపోతుంది. తర్వాత బతికే ఉన్నాడని ఇంకో కబురు పంపుతారు. తల్లి అదే చేసింది.

కబురు వచ్చాక తాత ఏడ్చాడు. అయితే ఏడ్చి ఊరుకోలేదు. పత్రికకి వార్తలు రాసే బాధ్యత గల మనిషి కదా, కళ్ళు తుడుచుకుని తమ్ముడి మీద ప్రకటన రాసి పోస్టు చేసేశాడు. రెండో కబురు ఆ తర్వాత వచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది, పత్రికలో పడిపోయింది.

పొరపాటని రాస్తే ఎందుకు పొరపాటైందో చెప్పాలి. కాకి సంగతి బయటపడుతుంది. కొత్తగా మతం తీసుకున్న కుటుంబం, కాకి శాంతి చేసిందంటే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకుండా దూరం పెడతారు. తాత ఉద్యోగం కూడా సంఘంవారి బడిలోనే. అప్పుడు యాకోబే అన్నాడట, నువ్వేమీ రాయకు అన్నా, నేను చచ్చినట్టే ఉంటాను అని. అలా చెప్పి ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

క్రైస్తవులై ఉండి కాకిని నమ్మడమేమిటని నాన్న మండిపడ్డారు.

"మనం కిరస్తానీలమని కాకికేటి తెలుస్తాది బాబూ" అంది అమ్మమ్మ, గింజ తీస్తూ.

తర్వాత ఆమెకే ఇంకోటి గుర్తొచ్చింది. తాత ఏటా ఒకసారి మాడుగుల వెళ్ళి హల్వా తెచ్చేవాడు. ఇంటిల్లిపాదికీ పంచేవాడు గాని తను ముట్టేవాడు కాదు. తీపి ఇష్టం లేని మనిషి అంత దూరం హల్వా కోసం ఎందుకు వెళ్తాడని ఆమె ఎప్పుడూ అడగలేదు. అది చెప్పి అమ్మమ్మ చేతిలో పని ఆపేసింది. నేను ఆ పత్రికని మడిచి పక్కన పెట్టేశాను.

మళ్ళీ మాడుగుల వెళ్ళాం. నాన్న ముసలాయన చెవిలో, మీరు కె.కోటపాడు దావీదు తమ్ముడు యాకోబు కాదా అని గట్టిగా అడిగారు. వీధివీధంతా వినబడింది. ఆయన మాత్రం చేతిలో చెరకు ముక్కని చివరిదాకా చెక్కాడు.

"ఆ యాకోబు సచ్చిపోనాడు గదా. సచ్చినోడ్ని ఏటడుగుతారు?" అన్నాడు చివరికి.

అంతకన్నా ఒప్పుకోలు ఏముంటుంది? సంబంధం అక్కడితో చెడిపోయింది. అందరూ లేచారు. సుగుణ గుమ్మం దాకా వచ్చి నాకు గ్లాసు అందించింది.

"మంచినీళ్ళు తాగండి, అన్నయ్యగారూ" అంది.

వేళాకోళం చేసిందో, ఏడుపు ఆపుకుందో నాకు తెలియలేదు. గ్లాసు అలాగే అరుగు మీద పెట్టేసి బయల్దేరాను. తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాను. నాన్న నన్ను చూడనట్టు ఉండిపోయారు. అది ఆయన మంచితనం.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా రాయాలి.

ఆ నెల నేను పత్రికకి పంపింది ఒక్కటే వార్త, కె.కోటపాడులో పోయిన ఒక ముసలమ్మది. కవరులో ఒక్క కాగితం పెట్టి, నేనే అంటించి, నేనే పోస్టు చేశాను. నెల తిరిగాక పత్రికల కట్ట ఎప్పటిలాగే పాస్టరుగారి పేరున వచ్చింది. ఆదివారం చర్చిలో అందరి ముందూ తాడు తెంపారు. ప్రార్థనకి ముందు పాస్టరుగారు 'నిద్రించినవారు' చదవడం ఆనవాయితీ. ముసలమ్మ గురించి నేను రాసింది చదివారు. అక్కడితో ఆగాల్సింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఇంకోటి చదవడం మొదలుపెట్టారు. ఆ ప్రకటన నాకు కంఠతా వచ్చు.

'మాడుగుల. యాకోబుగారు ప్రభువునందు నిద్రించిరి. వీరు కరవు కాలమున వడ్డాది సంతలో ఒక బండి క్రింద పసికందుగా దొరికిరి. దొరికించుకొన్న యింట కన్నబిడ్డవలె పెరిగిరి. ఈ సంగతి అన్నదమ్ములకు తప్ప పిల్లలలో ఎవరికిని తెలియదు. వీరు నిద్రించినట్లు పూర్వము ఇదే పత్రికలో తొందరపాటున పడినది. అందులకు చింతించుచున్నాము. వీరికి, ఇతరుల బెల్లపు పెనము అంచున మాడిన పాకము గీరుకొని తినుట అనిన మిక్కిలి ప్రీతి. అన్నయు తోడుండెను.'

కింద రాసినవారి పేరు లేదు.

ఆడవాళ్ళ వైపు చాప మీంచి అమ్మమ్మ లేచి నిలబడింది. ఆమె చర్చిలో నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు.

"ఇది ఆయన రాసిందే" అంది.

దావీదు తాత పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. పాస్టరుగారు వెంటనే పాట ఎత్తుకున్నారు. అందరం నిలబడి పాడాం. ఏ పాటో నాకు గుర్తులేదు, ఎవరికీ శ్రుతి కుదరలేదు.

మర్నాడు పరామర్శకి బయల్దేరాం. ఎంత సంబంధం చెడినా మనిషి పోయాడంటే వెళ్ళకపోతే ఎలా? పాస్టరుగారు, నాన్న, నేను, ఏడవడానికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. ఆడవాళ్ళు మాడుగులలో బస్సు దిగగానే అందుకున్నారు. వీధి మలుపు తిరిగేసరికి రాగం పై స్థాయిలో ఉంది. యాకోబు తాత అరుగు మీద కూర్చుని చెరకు చెక్కుకుంటున్నాడు.

ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆయన మమ్మల్నందరినీ తేరిపార చూసి, ఎవరు పోయారని అడిగాడు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. చివరికి పాస్టరుగారే ఆయన చెవి దగ్గర వంగి, మీరేనండీ, పత్రికలో పడింది అన్నారు.

"మళ్ళీనా?" అన్నాడు ముసలాయన.

లోపల్నుంచి వాళ్ళంతా వచ్చారు. మాడుగుల కట్ట ఇంకా రాలేదట, వాళ్ళకేమీ తెలియదు. సుగుణ పత్రిక తీసుకుని ఒకసారి కళ్ళతోనే చదివింది. నన్ను ఒక్క చూపు చూసింది. ఆ చూపు గుర్తుపెట్టుకోండి, దాని సంగతి చివర్లో వస్తుంది. తర్వాత తాత పక్కన కూర్చుని ఆయన చెవిలో ఒక్కో ముక్కా గట్టిగా చదివింది.

బండి కింద దొరికాడన్న చోట ఆయన తల ఊపాడు. వార్త విన్నవాడిలా కాదు, తెలిసిన సంగతికి తల ఊపినట్టు ఊపాడు. పెనం మాట వచ్చేసరికి చేతిలో కత్తి పక్కన పెట్టేశాడు. ముందు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు.

"అన్న రాసేడు. అన్న గీరేవోడు, నాను కాపలా కాసేవోడ్ని. ఇంకెవలికీ తెలీదు" అన్నాడు.

బండి కింద దొరికిన మాట నిజమేనా అని నాన్న అడిగారు.

"నిజమే బాబూ. అన్న సెప్పేడు. నీకు తెలుసని అమ్మకి తెలియనీకురా, అమ్మ ఏడుస్తాది అన్నాడు. నాను ఎవలికీ సెప్పలేదు."

దొంగ ఏడుపుకి వచ్చిన ఆడవాళ్ళు నిజంగానే కళ్ళొత్తుకున్నారు. నాకూ కళ్ళు తడిశాయి. అయితే సిగ్గు లేకుండా అదే క్షణంలో లోపల ఇంకో లెక్క కూడా చేశాను. యాకోబు తాత దావీదు తాతకి రక్తసంబంధం కాకపోతే సుగుణ నాకు చెల్లెలు కాదు.

పెద్దలు వారం పైగా తర్జనభర్జన పడ్డారు. పెంచుకున్నవాడు తమ్ముడవుతాడా కాడా అని ఒకరు. చచ్చిపోయాడని అబద్ధం రాసిన ప్రకటనలో మిగతా మాటలు మాత్రం ఎలా నమ్ముతామని ఒకరు. అచ్చులో పడినదాన్ని కాదనడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. మనిషి చావలేదన్న ఒక్క ముక్క తప్ప అందులోని మిగతాదంతా నిజమని తీర్మానించి పెళ్ళి చేశారు. కాకి సంగతి ఎవరూ ఎత్తలేదు. యాకోబు తాతని మళ్ళీ సంఘంలోకి రాసుకున్నారు. పెళ్ళిలో ఆయన అమ్మమ్మని వదినా అని పిలిచాడు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకరికొకరు తినిపించుకున్నారు.

మరి ఆ ప్రకటన ఎవరు రాశారు? పాస్టరుగారు పత్రిక వారికి ఉత్తరం రాశారు. చోడవరం నుంచి ఎప్పటిలా ఒకే కవరులో వచ్చినవే వేశామని, అచ్చయ్యాక రాతప్రతులు ప్రెస్సులో సిరా తుడవడానికి వాడేస్తారని జవాబు వచ్చింది. దాంతో అందరూ నా వైపు చూశారు. పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి, తప్పు చేసినా మంచికే చేశావు అన్నారు. నేను చేయలేదన్నాను. ఆయన నా భుజం తట్టి నవ్వారు.

అమ్మమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ చివరి పేజీని చింపింది, పొయ్యిలో పెట్టలేదు. మడిచి తన పెట్టెలో చీరల కింద దాచుకుంది. ఆమె జీవితంలో గుమ్మం దాటి లోపలికి తెచ్చిన చావు కాగితం అదొక్కటే. ఆ తర్వాత ఆమె, యాకోబు తాత ఇద్దరూ చాలా కాలం నిక్షేపంగా బతికారు కాబట్టి ఆచారం విషయంలో ఏం అనుకోవాలో మీరే చెప్పండి.

యాకోబు తాత మా పిల్లల్ని ఎత్తుకున్నాక పోయాడు. ఈసారి నిజంగానే. నేనే ప్రకటన రాసి పంపితే పత్రిక వారు తిప్పి పంపారు. ఈ పేరున ఈ మనిషి ఇదివరకే రెండుసార్లు నిద్రించినట్టు మా దగ్గర ఉంది, మూడోసారి వేయలేమని క్షమాపణ కోరారు. అప్పటి నుంచి నేను రాసే ప్రకటనల్లో తాతలాగే చివర కూరల వాక్యం పెట్టడం మొదలుపెట్టాను. ఎవరూ వద్దనలేదు.

నా మట్టుకి నాకు ఒక జవాబుండేది, బయటికి చెప్పలేదంతే. రాసింది సుగుణ. బోర్డు మీద లెక్క తప్పైతే లేచి నిలబడే మనిషి. యాకోబు తాత ఎవరికీ చెప్పలేదన్నాడు గాని, ఒళ్ళో పెరిగిన మనవరాలికి ఏదో ఒకరోజు చెప్పే ఉంటాడు. నా కోసం అంత సాహసం చేసిందని లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి. సంసారంలో ఎప్పుడైనా ఆమె మీద కోపం వస్తే ఆ ప్రకటన గుర్తుచేసుకునేవాణ్ణి, కోపం దిగిపోయేది. ఆమె అంతట ఆమె చెప్పే దాకా అడగకూడదని ఊరుకున్నాను.

ఇద్దరం రిటైరయ్యాం. మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాం. ఇంక ఎన్నాళ్ళుంటామో తెలియదు కదా అనిపించి అడిగేశాను. ఆ ప్రకటన నువ్వే రాశావు కదా, ఇప్పుడైనా చెప్పు అన్నాను.

సుగుణ చేతిలో కాయ అలాగే పట్టుకుని నా ముఖంలోకి చూసింది. ఆ రోజు అరుగు మీద చూసిన చూపే.

"నేనెందుకు రాస్తాను? మీరు రాసేరనే కదా మిమ్మల్ని చేసుకున్నాను" అంది.

అమ్మమ్మ దగ్గర కూపీ లాగి నేనే రాసి ఉంటానని ఆమె ఇన్నాళ్ళూ అనుకుందట. ఉత్త పిరికివాడిలా నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయిన మనిషి తన కోసం ఇంత పని చేశాడా అని ఆ రోజు నన్ను అలా చూసిందట. నేను ఒట్టేసి కాదన్నాను. ఆమె కూడా కాదంది. ఇద్దరిదీ అబద్ధం ఆడే వయసు కాదు, అవసరమూ లేదు.

ఎండ వరండా లోపలికి వచ్చే దాకా కాయలు ఒలుస్తూనే కూర్చున్నాం. గింజలు చేట నిండా ఉన్నాయి. ఒకరంటే ఒకరికి ఉన్న ఇన్నేళ్ళ ప్రేమ, ఇద్దరిలో ఎవరూ చేయని పని మీద నిలబడిందని తెలిస్తే ఏం మాట్లాడుకోవాలి?

"పోనీలెండి. మీరే రాసేనని ఒప్పేసుకోండి. నాకు అదే అలవాటైపోయింది" అంది లేస్తూ.

ఒప్పుకున్నాను. ఆమె కూడా నా కోసం ఒప్పుకుంది. ఇప్పుడు ఇద్దరం రాశాం, ఎవరమూ రాయలేదు. లెక్కల మాస్టరుగా ఇంతకన్నా దిక్కుమాలిన జవాబు నేనెప్పుడూ చూడలేదు.

దయ్యాలంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. సుగుణకీ లేదు. కాకపోతే పత్రిక వచ్చిన రోజున ఇద్దరం వీధి అరుగు మీదే కూర్చుని ముందుగా చివరి పేజీ చూస్తాం. మా పేర్లు లేవని తేల్చుకుని, ఆ పేజీ చింపి, మిగతాది లోపలికి తీసుకెళ్తాం.